బొమ్మల కబుర్లు: దీపం పురుగులు బీర్ క్యాన్ ఎక్కిన వైనం

పోయిన నెల ఈ పేజీలో మాటల మధ్యలో ఒక లైన్ రాశా, నా కోసం నేను వేసుకున్న దీపం పురుగుల బొమ్మలు చివరికి ఒక బీర్ క్యాన్ మీదకి వెళ్ళాయని. ఆ ఒక్క లైన్ మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని అస్సలు అనుకోలేదు. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: మేడమ్, నేను రెండేళ్ళ నుంచి పాత తాళాల బొమ్మలు వేస్తున్నాను. ఎవరూ అడగలేదు, పైసా రాలేదు. ఇంట్లో వాళ్ళు "ఎవరి కోసం వేస్తున్నావ్ ఇవన్నీ" అంటున్నారు. మీకు ఆ క్యాన్ ఛాన్స్ ఎలా వచ్చింది? ఆ ఫీల్డ్‌లో మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

జవాబు: తెలిసినవాళ్ళు ఒక్కరు కూడా లేరండీ. జరిగింది జరిగినట్టు చెప్తా. ఒక రాత్రి ఏదో క్లయింట్ పని చేస్తుంటే టేబుల్ ల్యాంప్ కి కొట్టుకుని ఒక పురుగు కాగితం మీద పడింది, అదే మాత్ అంటాం కదా అది, తీసి పక్కన పెడదామని ముట్టుకుంటే వేలికి బూడిదరంగు పొడి అంటుకుంది, కాగితం మీద కూడా రెక్క ఆకారంలో చిన్న మరక. భూతద్దం పెట్టి చూస్తే అది పొడి కాదు, పొలుసులు. రెక్క మీద పెంకుటింటి పైకప్పులా వరసగా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉన్నాయి. నేను అప్పటిదాకా రెక్క అంటే ఒక రంగు పూసి మీద చుక్కలు పెట్టేసేదాన్ని. ఆ రాత్రి నుంచి మొదలుపెట్టా, రోజుకి కాకపోయినా వారానికి రెండు మూడు, పోస్ట్‌కార్డ్ సైజులో, ఇంకు పెన్నుతో, ఒక్కొక్క పొలుసు వరసా చూసుకుంటూ. ఏడాది దాటేసరికి 112 అయ్యాయి.

ప్రతి బొమ్మ కింద రెండు మూడు లైన్ల నోట్ రాసేదాన్ని. మగ పురుగుకి మీసాలు ఈకల్లా ఎందుకుంటాయి (ఆడదాని వాసన చాలా దూరం నుంచి పట్టడానికి), పట్టుపురుగు రెక్కలొచ్చాక ఇంక ఏమీ తినదు, ఇలాంటివి. వాటిల్లో ఒక నోట్ ఏంటంటే, పూర్వం నుంచి ఈ పురుగుల్ని స్టడీ చేసేవాళ్ళు వీటిని పిలవడానికి బీర్, నల్లటి చక్కెర పాకం కలిపి మరిగించి, అందులో కొంచెం రమ్ పోసి, సాయంత్రం చీకటి పడే వేళకి చెట్టు మానుల మీద బ్రష్షుతో పూస్తారు, రాత్రి టార్చ్ పట్టుకుని వెళ్తే ఆ తడి మీద పురుగులు వాలి ఉంటాయి. షుగరింగ్ అంటారు దాన్ని. ఇప్పటికీ చేస్తారు.

ఆ నోట్ చూసి ఒక చిన్న బ్రూవరీ వాళ్ళు మెయిల్ పెట్టారు. వాళ్ళు ఒక ముదురు రంగు బీర్ తయారు చేస్తున్నారట, పేరు పెట్టలేదు, లేబుల్ లేదు, "మా సరుకుతో ఇలాంటి పని చేస్తారని మాకే తెలీదు, ఆ చెట్టు మాను బొమ్మ మాకు కావాలి" అని. చూశారా, వాళ్ళు నా గీత బాగుందని రాలేదు. గీత బాగా ఉన్నవాళ్ళు బోలెడంత మంది. ఏడాది పాటు ఒకే దాన్ని పట్టుకుని చూస్తే తప్ప తెలియని ఒక సంగతి నా బొమ్మ కింద ఉంది, దాని కోసం వచ్చారు.

మీ తాళాల సంగతి కూడా అంతే. తాళం పైన తుప్పు బాగా వేస్తున్నారని మీ ఉత్తరంతో పాటు పంపిన ఫోటోల్లోనే తెలుస్తోంది, కానీ లోపల ఏముందో ఒక్క బొమ్మలో కూడా లేదు. ఒకటి విప్పి చూడండి. విప్పింది విప్పినట్టు వేయండి, కింద రాయండి. ఇంట్లో వాళ్ళకి జవాబు చెప్పాల్సిన పని లేదు, నన్నడిగితే "నాకు తెలుసుకోవాలని ఉంది" అన్నది సరిపోతుంది.

ప్రశ్న: అక్కా, బొమ్మ ముందే రెడీగా ఉంది కదా, దాన్ని అలాగే క్యాన్ మీద ప్రింట్ చేసేస్తారా? లేక మళ్ళీ వేయాలా?

జవాబు: మళ్ళీ వేయాలి తల్లీ, మొత్తం. ఇది తెలీక నేను మొదటి మూడు వారాలు పోగొట్టుకున్నా, కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువే రాస్తా.

మామూలు క్యాన్ అడ్డంగా కొలిస్తే 66 మిల్లీమీటర్లు ఉంటుంది, చుట్టుకొలత దాదాపు 207. అంటే మన బొమ్మ 207 పొడుగు పట్టీ అన్నమాట. కానీ ఎదురుగా నిలబడి చూసేవాడికి వంపు తిరగకుండా సరిగ్గా కనిపించేది ఆ పట్టీలో మూడో వంతే, ఒక 70 మిల్లీమీటర్లు, మిగతాది పక్కలకి జారిపోతుంది. నా చెట్టు మాను బొమ్మలో పురుగులు కాగితం నిండా చెదిరి ఉండేవి, అది క్యాన్‌కి చుడితే ఏ వైపు నుంచి చూసినా సగం పురుగులు, ఎక్కడా మొత్తం లేదు. అప్పుడు అర్థమైంది, ఒక పెద్ద పురుగు ఎదురుగా రెక్కలు విప్పుకుని ఉండాలి, మిగతావి చేత్తో తిప్పుతుంటే ఒక్కొక్కటిగా కనపడాలి. మాను క్యాన్‌లాగే గుండ్రం కాబట్టి అదొక్కటి కలిసొచ్చింది, క్యాన్‌నే మాను చేసేశా.

తర్వాత ప్రింటింగ్. డైరెక్ట్‌గా క్యాన్ మీద ప్రింట్ చేసే పద్ధతిలో ముందు ఖాళీ అల్యూమినియం క్యాన్ తయారవుతుంది, ఆ తర్వాత దాన్ని తిప్పుతూ రబ్బరు బ్లాంకెట్‌కి, అంటే ఒక మెత్తటి రబ్బరు షీటుకి, ఆనిస్తారు, ఆ బ్లాంకెట్ మీద రంగులన్నీ ముందే పక్కపక్కన పడి ఉంటాయి, అన్నీ ఒకేసారి తడిగానే క్యాన్‌కి ఎక్కుతాయి. కాబట్టి ఒక రంగు మీద ఇంకో రంగు వేసి మూడో రంగు తెప్పించడాలు, వాటర్‌కలర్‌లో లాగా ఒకదాంట్లో ఒకటి కరిగించడాలు అక్కడ సరిగ్గా రావు, ముద్దయిపోతాయి. రంగుకి రంగు విడిగా, ఇన్నే రంగులు అని లెక్కపెట్టుకుని వేయాలి. పైగా ఈ పద్ధతికి ఆర్డర్ చాలా పెద్దది ఉండాలి, చిన్న బ్రూవరీకి కుదరదు. వాళ్ళు ఎక్కువగా స్టికర్ లేబుల్ గానీ, ష్రింక్ స్లీవ్ గానీ వాడతారు. స్లీవ్ అంటే ప్లాస్టిక్ తొడుగు, వేడి తగిలితే ముడుచుకుని క్యాన్‌ని పట్టేస్తుంది. రంగులెన్నైనా వేసుకోవచ్చు కానీ మెడ దగ్గర, అడుగున క్యాన్ సన్నబడుతుంది కాబట్టి అక్కడ బొమ్మ కూడా నొక్కుకుపోతుంది. అక్కడ ముఖాలు, గుండ్రటి ఆకారాలు, చిన్న అక్షరాలు పెట్టకండి. నా మొదటి శాంపిల్‌లో మెడ దగ్గర పెట్టిన చందమామ కోడిగుడ్డయింది.

ఇంకోటి, నాకు బాగా నచ్చిన సంగతి ఇది. లోహం మీద పారదర్శకంగా ఉండే ఇంకు వేస్తే కింది మెరుపు రంగులోంచి కనపడుతుంది, అది వద్దనుకున్న చోట ముందు తెల్ల ఇంకు పూత వేసి దాని మీద రంగు వేస్తారు. ఆ తెలుపు ఎక్కడుండాలో చెప్పే లేయర్, అంటే ఫైల్‌లో విడిగా ఒక పొర, మనమే ఇవ్వాలి. నేను మాను మొత్తానికి తెలుపు వేయించి రెక్కలకి మాత్రం తీసేశా. శాంపిల్ క్యాన్ చేతిలోకి తీసుకుని దీపం కింద ఇటు అటు తిప్పితే ఆ పొలుసుల వరసలు వెలిగి ఆరుతున్నాయి, ఆ రాత్రి నా వేలికి అంటుకున్న పొడి ఎలా మెరిసిందో అలాగే. కాగితం మీద ఏడాది పాటు ప్రయత్నించినా రానిది అక్కడ వచ్చింది.

బార్‌కోడ్, ఆల్కహాల్ శాతం, ఎన్ని మిల్లీలీటర్లు, హెచ్చరికలు, వీటికి చోటు మొదటి స్కెచ్‌లోనే వదిలేయండి. బార్‌కోడ్ గీతలు నిచ్చెన మెట్లలా ఒకదాని కింద ఒకటి రావాలి, కంచె కర్రల్లా పక్కపక్కన నిలబెడితే వంపు వల్ల స్కానర్ సరిగ్గా చదవదు.

ప్రశ్న: ఒక్కసారి డబ్బులిచ్చేసి బొమ్మ మొత్తం మాదే అంటే ఒప్పుకోవాలా?

జవాబు: వద్దు. బొమ్మ అమ్మడం వేరు, వాడుకోవడానికి పర్మిషన్ ఇవ్వడం వేరు. ఏ బీర్‌కి, ఎన్నేళ్ళకి, ఎక్కడెక్కడ అని రాయించుకోండి. టీషర్టులు, గ్లాసులు, పోస్టర్ల మీద వేసుకుంటామంటే దానికి విడిగా. ఒరిజినల్ కాగితం మీ దగ్గరే ఉండాలి, సిరీస్‌లో మిగతా బొమ్మలు కూడా. ఒకసారి వేరే పనిలో ఇవేమీ రాయించుకోకుండా సంతకం పెట్టేసి, నా బొమ్మ నేనే నా పుస్తకంలో వేసుకోలేని పరిస్థితి వచ్చింది, ఇప్పటికీ బాధే. పెద్ద కంపెనీ అయినా, స్నేహితులైనా కాగితం మీద ఉండాల్సిందే.

ప్రశ్న: నేను పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తాను. మందు ముట్టను. ఇలాంటి ఆఫర్ వస్తే చేయొచ్చా?

జవాబు: మీ మనసు ఒప్పుకోకపోతే చేయకండి, కారణం కూడా చెప్పక్కర్లేదు. చేసేట్టయితే మాత్రం ఒకటి తెలుసుకోండి, పిల్లల్ని ఆకట్టుకునేలా ఉంటే అది నిజంగా సమస్యే. బ్రిటన్‌లో పోర్ట్‌మన్ గ్రూప్ అని మద్యం లేబుళ్ళ మీద ఫిర్యాదులు చూసే సంస్థ ఉంది, 2017లో వేల్స్‌కి చెందిన టైనీ రెబెల్ బ్రూవరీ క్యాన్ ఒకటి, ఎలుగుబంటి బొమ్మ ఉన్నది, పిల్లల్ని ఆకర్షించేలా ఉందని తేల్చింది, వాళ్ళు డిజైన్ మార్చుకున్నారు. గుండ్రటి కళ్ళు, బొద్దు ముఖాలు మన చేతికి అలవాటైపోయి ఉంటాయి, తెలీకుండానే వచ్చేస్తాయి. నేను నా పురుగులకి నవ్వే కళ్ళు పెట్టమంటే ఒప్పుకోలేదు. అది నా పురుగుల గౌరవం కోసం కూడా అనుకోండి.

ప్రశ్న: బీర్ క్యాన్ మీద ఇంత ఆర్ట్ ఎప్పటి నుంచి మొదలైంది?

జవాబు: క్యాన్‌లో బీర్ మొదట అమ్మింది 1935 జనవరి 24న, అమెరికాలో వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్‌లో, క్రూగర్ అనే బ్రూవరీ. అప్పటి క్యాన్లకి రింగు లేదు, ఓపెనర్‌తో పొడవాలి, అది జనానికి కొత్త కాబట్టి ఎలా తెరవాలో కొన్ని క్యాన్ల మీదే బొమ్మలేసి చూపించేవాళ్ళు. ఆ పని చేసిన ఇలస్ట్రేటర్లంటే నాకు చాలా ఇష్టం. తర్వాత చాలాకాలం చిన్న బ్రూవరీలు సీసాలే వాడాయి, 2002లో అమెరికాలోనే కొలరాడోలో ఆస్కార్ బ్లూస్ అనే బ్రూవరీ వాళ్ళు తమ పేల్ ఏల్‌ని (అదొక రకం బీర్) క్యాన్‌లో పెట్టాక మెల్లగా మిగతావాళ్ళూ వచ్చారు. సీసా లేబుల్ అంటే అరచేతంత కాగితం, క్యాన్ అంటే చుట్టూ బొమ్మే, మనలాంటి వాళ్ళకి తలుపు తెరుచుకుంది అక్కడే. లండన్‌లో బీవర్‌టౌన్ బ్రూవరీ క్యాన్ల మీద పుర్రెలు, అంతరిక్షం వేసిన నిక్ డ్వయర్, ఆ బ్రూవరీ మొదలైన రెస్టారెంట్‌లో వెయిటర్‌గా చేసేవాడు, బొమ్మలు వేస్తాడని ఓనర్‌కి తెలిసి పని ఇచ్చాడు.

ప్రశ్న: బ్రూవరీలకి నేనే మెయిల్ పెట్టొచ్చా? ఏం పంపాలి?

జవాబు: పెట్టొచ్చు. కానీ అరవై బొమ్మల ఫోల్డర్ పంపకండి, ఎవరూ తెరవరు. మీ సిరీస్‌లోంచి ఒక్కటి తీసుకుని 207 మిల్లీమీటర్ల పొడుగు పట్టీగా మళ్ళీ వేయండి, ప్రింట్ తీయండి, ఖాళీ క్యాన్‌కి చుట్టి కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి మూడు వైపుల నుంచి మూడు ఫోటోలు తీయండి. ఆ మూడు ఫోటోలు, ఆ బొమ్మ వెనక కథ నాలుగు లైన్లు, అంతే. పంపే ముందు క్యాన్‌ని గది అవతలి చివర పెట్టి చూడండి, అక్కడి నుంచి అదేంటో తెలియకపోతే ఎదురుగా ఉన్న బొమ్మని ఇంకా పెద్దది చేసి మళ్ళీ చుట్టండి, నేను ఏడుసార్లు చుట్టాను.