డాక్టర్ సలహా: చెవుల్లో కుయ్‌మని మోత.. ఏ పథ్యం పాటించాలి?

ప్రశ్న: నా వయసు 46. సిరిసిల్లలో చాలా ఏళ్లుగా మరమగ్గాలు నడుపుతున్నాను. ఏడాది నుంచి రెండు చెవుల్లోనూ కుయ్‌మని మోత. పగలు పనిలో తెలియదు కానీ రాత్రి పడుకోగానే మొదలవుతుంది, నిద్ర ఉండట్లేదు. ఉప్పు, టీ మానేయమని ఒకరు, జింక్ బిళ్లలు వాడమని ఇంకొకరు అంటున్నారు. వెల్లుల్లి కాచిన నూనె చుక్కలు వేసుకోమని మా అత్తమ్మ పట్టుబడుతోంది. ఏం తినాలి, ఏం మానాలి?
– ఒక పాఠకుడు

జవాబు: అత్తమ్మగారికి కోపం వచ్చినా సరే, చెవిలో నూనె మాత్రం వేసుకోకండి. కర్ణభేరికి చిల్లు ఉంటే లోపల చీము పట్టొచ్చు. చిల్లు లేకపోతే ఆ నూనె మోత పుట్టే చోటికి చేరనే చేరదు.

మీ ఇబ్బందిని టినిటస్ అంటాం. నా అనుమానం మగ్గాల మీదే. చేయి చాపినంత దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తోందంటే అక్కడి శబ్దం ఇంచుమించు 85 డెసిబెల్స్ దాటినట్టే. ఏళ్ల తరబడి అందులో ఉంటే లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి కణాలు దెబ్బతింటాయి, మళ్లీ పుట్టవు. చెవి నుంచి సంకేతాలు తగ్గేసరికి, స్టేషన్ సరిగా అందని రేడియోకు సౌండ్ పెంచినట్టు మెదడు తన పట్టు పెంచుకుంటుంది. ఆ గరగరే మీకు మోతగా వినిపిస్తుంది.

అందుకే, ఇది తింటే మోత పోతుందని చెప్పదగ్గ పదార్థం ఏదీ లేదు. ఉప్పు తగ్గించమనేది ముఖ్యంగా లోపలి చెవికి వచ్చే మెనియర్స్ జబ్బు ఉన్నవాళ్లకు. వాళ్లకు కళ్లు గిర్రున తిరుగుతాయి, చెవి దిబ్బడ వేసినట్టుంటుంది. మీరు అవేవీ రాయలేదు. బీపీ ఉంటే మాత్రం పచ్చళ్లు, అప్పడాలు తగ్గించండి. టీ ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి, చిరాకు వచ్చి మోత ఇంకా ఎక్కువైనట్టు అనిపిస్తుంది. సాయంత్రం తర్వాత తాగకపోతే చాలు, అదీ నిద్ర కోసమే. మద్యం తాగితే నిద్ర పడుతుందనుకోవద్దు, అర్ధరాత్రి మెలకువ వచ్చేస్తుంది. ఇక జింక్ బిళ్లలు, జింగో అనే చెట్టు ఆకుల సారంతో చేసే బిళ్లలంటారా, టినిటస్‌కు వాటిని సూచించవద్దని అమెరికా ఈఎన్‌టీ వైద్యుల అకాడమీ 2014లోనే మార్గదర్శకాల్లో చెప్పింది. రక్తపరీక్షలో బీ12 లోపమో, రక్తహీనతో, థైరాయిడ్ తేడానో బయటపడితే వాటికి మందులు వాడాలి, అది వేరే సంగతి.

మీరు మార్చుకోవాల్సింది పడకగదిని. నిశ్శబ్దంగా ఉన్నకొద్దీ మోత పెద్దదవుతుంది. ఫ్యాన్ తిరగనివ్వండి, లేదా ఫోన్‌లో వాన చప్పుడు సన్నగా పెట్టి దూరంగా ఉంచండి. మోత పూర్తిగా మునిగిపోవాల్సిన పని లేదు, ఆ చప్పుడు దానికంటే కాస్త తక్కువగా వినిపించాలి. ఇయర్‌ఫోన్స్ వద్దు. ‘ఇప్పుడు తగ్గిందా?’ అని మాటిమాటికీ చెవి ఒగ్గి వినడం కూడా మానండి. మెదడు దాన్ని పట్టించుకోవడం తగ్గించేకొద్దీ బాధ తగ్గుతుంది, కానీ అందుకు నెలలు పడుతుంది.

షెడ్డులో దూది పెట్టుకుంటే దాదాపు ఏమీ ఆగదు. ఫోమ్ ఇయర్ ప్లగ్స్ కొనండి. ప్లగ్‌ను వేళ్లతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి, వెనక్కి లాగి లోపలికి దూర్చి, అది ఉబ్బేదాకా వేలితో ఆపి ఉంచాలి. ఇంటికొచ్చాక తీసేయండి.

వీటితోపాటు ఈఎన్‌టీ డాక్టర్‌కు ఒకసారి చూపించుకోండి. గుబిలి గట్టిపడి ఉంటే తీసేస్తే చాలు. ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్షలో వినికిడి తగ్గినట్టు తేలితే, వినికిడి యంత్రం పెట్టుకున్నాక చాలామందికి మోత కూడా మరుగున పడుతుంది. వాడుతున్న మందుల చీటీలు తీసుకెళ్లండి. ఆస్పిరిన్ ఎక్కువ మోతాదులో వాడినా, కొన్ని యాంటీబయాటిక్ ఇంజెక్షన్ల వల్లా చెవిలో మోత రావొచ్చు. అలాగని సొంతంగా ఏదీ ఆపొద్దు.

ఎప్పుడైనా ఒక చెవి ఉన్నట్టుండి వినిపించకపోతే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. దానికి స్టెరాయిడ్ చికిత్స ఎంత త్వరగా మొదలైతే అంత మేలు. మోత నాడి కొట్టుకున్నట్టు లయగా వస్తున్నా, ఒక్క చెవిలోనే స్థిరపడినా స్కానింగ్ అవసరం కావొచ్చు, ఆలస్యం చేయకుండా చూపించుకోండి.