జిమ్మీకి వాసనల ఆట నేర్పేటప్పుడు

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నీ కుక్క జిమ్మీకి వాసన పట్టి వెతకడం నేర్పాలని ఉందని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదని రాశావు. పోలీసు జాగిలాల వీడియోలు వరసబెట్టి చూశానన్నావు. చూడు, తప్పులేదు. కానీ వాటిలో కనిపించే యూనిఫాం, బిగపట్టిన లీష్, సీరియస్ ముఖాలు చూసి ఇదేదో డ్రిల్ అనుకునేవు. ఆ కుక్కకు బాంబంటే ఏమిటో తెలీదు, మత్తుమందంటే అంతకన్నా తెలీదు. ఫలానా వాసన దొరికిందంటే తన బంతి తనకొస్తుందని మాత్రం బాగా తెలుసు. మనుషులకు అది ఉద్యోగం, దానికి ఆట.

అసలు వాసన పట్టడమన్నది జిమ్మీకి నువ్వు నేర్పక్కర్లేదు. వాసనను గుర్తించే గ్రాహకాలు మన ముక్కులో 50-60 లక్షలుంటే, కుక్కలకు జాతిని బట్టి 10 కోట్ల నుంచి 30 కోట్ల దాకా ఉంటాయి. వాసన చూసేటప్పుడు కుక్క సెకనుకు ఐదుసార్ల దాకా గాలి పీలుస్తుంది. వదిలే గాలి ముక్కుపుటాల పక్కనున్న చీలికల్లోంచి పోతుంది కాబట్టి ముందున్న వాసన చెదిరిపోదు. ఇంత సరంజామాతో పుట్టినదానికి నువ్వు చెప్పాల్సింది ఏ వాసన కావాలో, అది దొరికితే ఏమొస్తుందో అంతే. ఆ తర్వాత దాని దారికి అడ్డురాకుండా ఉండాలి. ఈ చివరిది చెప్పినంత తేలిక కాదు, అందుకే దాని గురించే ఎక్కువ రాస్తాను.

ముందు జిమ్మీకి ఏదంటే ప్రాణమో తేల్చుకో. తిండా, బంతా, గుడ్డబొమ్మ పట్టుకుని లాగులాటా? నీకు నచ్చింది కాదు, దానికి నచ్చింది. అమెరికాలో వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు అడవి జంతువుల పెంట వెతకడానికి కుక్కలు కావాలంటే షెల్టర్లలో బంతిపిచ్చి ఉన్నవాటి కోసం చూసేవారు. రోజంతా బంతి బంతి అని ప్రాణం తోడేస్తుంటే ఇంట్లో భరించలేక వదిలేస్తారే, అలాంటివి. వాటిలో టక్కర్ అనే నల్ల లాబ్రడార్ సంకరం పడవ ముందుభాగాన నిలబడి, సముద్రం మీద తేలే ఓర్కా తిమింగలాల పెంటను పసిగట్టేది. చిత్రమేమిటంటే దానికి నీళ్లలో తడవడం అస్సలు గిట్టదు. అయినా బంతి కోసం పడవెక్కేది.

తిండితో మొదలుపెడితే త్వరగా పట్టుబడుతుంది. వేలిగోరంత మెత్తటి ముక్క చాలు, నమలడానికి టైం పట్టేది వద్దు. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, జైలిటాల్ (చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం) కలిసినవి దాని దరిదాపుల్లోకి రానివ్వకు.

ఇక మొదటి ఆట. మూతల్లేని అట్టపెట్టెలు నాలుగైదు నేలమీద చెల్లాచెదురుగా పెట్టు. జిమ్మీని ఎవరైనా హార్నెస్ (ఒంటికి తొడిగే పట్టీ) పట్టుకుని ఆపాలి. అది చూస్తుండగానే ఒక పెట్టెలో ట్రీట్ వేసి పక్కకి తప్పుకో. వదిలేయమను. పరిగెత్తుకెళ్లి తింటుంది. అది తల ఎత్తేలోపు నువ్వెళ్లి అదే పెట్టెలో ఇంకో ముక్క వెయ్యి. ఈ రెండో ముక్కే కీలకం. బహుమతి వాసన ఉన్నచోటే దొరుకుతుందని దానికి అర్థమయ్యేది అక్కడే. నీ దగ్గరికి పిలిచి చేత్తో ఇస్తే, కనిపెట్టగానే నీ దగ్గరికి రావాలని నేర్చుకుంటుంది. అది తర్వాత మాన్పించడం కష్టం.

రెండు మూడుసార్లు అలా అయ్యాక అది చూడకుండా దాచు. ఇప్పుడు కళ్లు పనికిరావు, ముక్కు పనిలోకి దిగుతుంది. ఆ క్షణాన్ని నువ్వు దగ్గర్నుంచి చూడాలి. అప్పటిదాకా నాలుక వేలాడేసి తిరుగుతున్న కుక్క నోరు ఠక్కున మూసుకుంటుంది. ఒక పెట్టె దాటి రెండడుగులు వేశాక, ఎవరో పేరుపెట్టి పిలిచినట్టు తల వెనక్కి తిరుగుతుంది. శ్వాస చప్పుడు నీకు వినపడేంత పెరుగుతుంది. తోక ఊపు మారుతుంది: ఒక కుక్కకు వేగం పెరుగుతుంది, ఇంకో కుక్కకు తోక బిగుసుకుంటుంది. జిమ్మీది ఏ రకమో నువ్వే గమనించి గుర్తుపెట్టుకోవాలి. పుస్తకాల్లో దొరికే సంగతి కాదిది.

'వెతుకు' అనే మాట ఇప్పుడే వద్దు. వదిలిన వెంటనే అది తప్పకుండా పెట్టెల మీదికే ఉరుకుతుందని నీకు నమ్మకం కుదిరాక, వదిలే ముందు ఒక్కసారి అను. ఒక్కసారే. 'వెతుకు వెతుకు వెతుకు' అని వెంటపడితే అది ముక్కు మానేసి నీ మొహం చూస్తుంది.

రోజూ మూడు నాలుగు వెతుకులాటలతో ఆపెయ్యి. ఇంకా కావాలని గొడవ చేస్తున్నప్పుడే పెట్టెలు ఎత్తెయ్యాలి. ఇది ఒళ్లు అలిసే పని కాదుగా అనుకోకు, ముక్కుతో పనిచేసే కుక్క చాలా త్వరగా డస్సిపోతుంది. వగర్చే కుక్కకు వాసన సరిగా అందదు, అందుకని ఎండలో, పరుగుల తర్వాత ఆడించకు. నీళ్లు అందుబాటులో పెట్టు.

పెట్టెలతో ఆడటం సులువైపోయాక కొంచెం కొంచెం కష్టం పెంచు. ఒకటి పక్కకి పడుకోబెట్టు, ఒకటి కుర్చీ మీద పెట్టు, ఒకదాని నోరు సగం మూసెయ్యి. ఒకేరోజు అన్నీ మార్చకు. ఒకటి కష్టం చేస్తే మిగతావి తేలిగ్గా ఉంచు.

అసలు వాసన ఎప్పుడు మొదలుపెట్టాలని అడిగావు. తొందరేం లేదు. చాలామంది ఇక్కడే ఆగలేక తిండి ఆటను వారంలో ముగించేస్తారు. నన్నడిగితే నెలరోజులైనా ఎక్కువ కాదు. కుక్కలకు పెట్టే వాసన వెతికే పోటీల్లో సాధారణంగా బర్చ్ అనే చెట్టు నూనె, సోంపు, లవంగం నూనెలు వాడతారు. నువ్వు లవంగంతో మొదలుపెట్టు. దూదిపుల్లకు చుక్క నూనె అంటించి, చిల్లులున్న చిన్న రేకు డబ్బాలో పెట్టి మూత బిగించు. ఈ నూనెలు కుక్క నాకితే మంచిది కాదు. ముఖ్యంగా బర్చ్ నూనెలో ఉండేది ఆస్పిరిన్ జాతి పదార్థం. డబ్బా నోట్లో పెట్టుకోకుండా చూడు. నూనె సీసాను గాజుజాడీలో వేసి, ట్రీట్ల సంచికి దూరంగా దాచు.

మొదట డబ్బా, ట్రీట్ ఒకే పెట్టెలో పెట్టు. తింటున్నంతసేపూ లవంగం వాసన ముక్కుకు తగులుతూనే ఉంటుంది. కొన్నాళ్లకు పెట్టెలో డబ్బా ఒక్కటే ఉంచు. ముక్కు డబ్బా మీదికి రాగానే ట్రీట్ అక్కడ పడాలి. లెక్కపెట్టుకుంటూ నిలబడకు, ఆ క్షణమే ఇవ్వాలి. అది గట్టిపడ్డాక ఒక్క సెకను, తర్వాత రెండు సెకన్లు ఆలస్యం చెయ్యి. 'ఏదీ నా ముక్క?' అన్నట్టు ముక్కు అక్కడే ఆనించి బిగుసుకుపోతుంది. దొరికిందని చెప్పడానికి అదే గుర్తు. కూర్చోమని, మొరగమని ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు. గోళ్లతో గీకడం మాత్రం మెచ్చుకోకు, సోఫా మిగలదు.

ఇప్పుడు అసలు చిక్కు. జిమ్మీ పట్టుకుంటున్నది లవంగాన్నా, నీ చేతివాసననా? ఒక్క డబ్బానే నువ్వు ముట్టుకుంటే, దానికి నిన్ను వెతకడమే సులువు. అందుకే ఖాళీ డబ్బాలను కూడా అంతసేపూ పట్టుకోవాలి. నూనె ముట్టిన గ్లౌజుతో ఖాళీవాటిని తాకకూడదు. వాసన ఉన్న డబ్బా ఒకసారి పెట్టిన అట్టపెట్టెను ఖాళీ పెట్టెల వరసలో కలపకు, అట్ట వాసన పీల్చుకుని ఉంటుంది. జిమ్మీ అక్కడ ఆగితే తప్పు దానిది కాదు.

చేతివాసన కన్నా పెద్ద తంటా నీ ఒళ్లు. దాగుడుమూతల్లో చిన్నపిల్లలు దాక్కున్నవాడి వైపు ఓరగా చూసి పట్టిచ్చేసినట్టు, మనం కూడా తెలియకుండానే చెప్పేస్తాం. సరైన పెట్టె దగ్గర అడుగు నెమ్మదిస్తుంది, ఊపిరి బిగపడతాం, చెయ్యి ట్రీట్ సంచి మీదికి పోతుంది. గత శతాబ్దం మొదట్లో జర్మనీలో హాన్స్ అనే గుర్రం గిట్టతో నేలకొట్టి లెక్కలకు జవాబులు చెప్పేదని జనం మూగేవారు. 1907లో ఆస్కార్ ఫుంగ్‌స్ట్ పరీక్షించి చూస్తే, అడిగేవాడికి జవాబు తెలియనప్పుడు గుర్రానికీ తెలియలేదు. అది చదివింది లెక్కను కాదు, ఎదుటి మనిషి తలకదలికను.

అనుభవమున్న హ్యాండ్లర్లకు, అంటే కుక్కలతో వెతికించేవాళ్లకు కూడా ఇది తప్పలేదు. 2011లో వెలువడిన, కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ పరిశోధకుల అధ్యయనంలో శిక్షణ పొందిన 18 జట్లను (ఒక్కో జట్టులో ఒక కుక్క, దాని హ్యాండ్లర్) వెతకమన్నారు. కొన్ని గదుల్లో ఎర్ర కాగితం ఉన్నచోట వాసన ఉందని హ్యాండ్లర్లకు చెప్పారు. నిజానికి ఎక్కడా ఏమీ దాచలేదు. అయినా కుక్కలు కనిపెట్టాయని వాళ్లు మళ్లీ మళ్లీ చెప్పారు, ఆ కాగితాల దగ్గర మరీ ఎక్కువగా.

కాబట్టి జిమ్మీకి ఆట వంటబట్టాక, దాచే పని ఇంకొకళ్లకి అప్పగించు. ఎక్కడుందో నీకు తెలియకూడదు. తెలిసినవాళ్లు గదిలో కూడా ఉండకూడదు, తలుపు బయట ఉండి నువ్వు 'దొరికింది' అన్నాక అవునో కాదో చెప్పాలి. మొదటిసారి నీకే టెన్షన్‌గా ఉంటుంది. అప్పుడే నువ్వు నిజంగా కుక్కను చూడటం మొదలుపెడతావు. ఇంకొన్నాళ్లకు అప్పుడప్పుడూ అసలేమీ దాచని గదిలో కూడా తిప్పు. 'ఇక్కడ లేదు' అని జిమ్మీ ఎలా చెబుతుందో కూడా నీకు తెలియాలిగా. అయితే దాని తర్వాత వెంటనే సులువుగా దొరికేది ఒకటి పెట్టు, ఉసూరుమని ఆట ముగియకూడదు.

గాలి సంగతి కూడా కొంచెం తెలుసుకో. వాసన దాచినచోటే కూర్చోదు. ఫ్యాన్ గాలికి కొట్టుకుపోయి ఎదురు మూలలో చేరుతుంది. జిమ్మీ ఖాళీ మూల దగ్గర తచ్చాడుతుంటే 'కాదు' అని గదమాయించకు. అక్కడ నిజంగానే వాసన ఉండొచ్చు. అక్కణ్నుంచి వెనక్కి పట్టుకుంటూ అసలు చోటికి చేరడం అది నేర్చుకోవాలి. గాలి ఎటు పోతోందో చూడాలంటే, జిమ్మీ గదిలో లేనప్పుడు చిటికెడు పౌడర్ వదిలి చూడు. డబ్బా దాచాక పది పదిహేను నిమిషాలు ఆగి వెతికిస్తే వాసన పరుచుకోవడానికి వ్యవధి ఉంటుంది. ఎక్కడైనా మరీ ఇరుక్కుపోతే వేలు చూపించకు. నువ్వే ఊరికే గదిలో ఇంకో వైపుకి నడువు, అది కూడా కోణం మార్చుకుంటుంది.

జిమ్మీ కొత్తవాళ్లను చూసి జంకుతుందని రాశావు. దానికి ఈ ఆట మరీ మంచిది. 2019లో డురాంటన్, హొరోవిట్జ్ చేసిన ప్రయోగంలో రెండు వారాలు వాసనల ఆట ఆడిన కుక్కలు, తిండి ఉందో లేదో తెలియని గిన్నె దగ్గరికి అంతకుముందు కన్నా చురుగ్గా వెళ్లాయి. పక్కన అంటిపెట్టుకుని నడవడం నేర్చుకున్నవాటిలో ఆ మార్పు రాలేదు. నాకు ఆశ్చర్యమేమీ అనిపించలేదు. నడకలో నిర్ణయం మనది, వెతుకులాటలో దానిది.

షుగర్ పడిపోవడం పసిగట్టడం లాంటివి కూడా నేర్పొచ్చా అన్నావు. ఇంట్లో సరదాగా చేసే పని కాదది. ప్రాణాలతో ముడిపడిన వాసనలు ఆ పనిలో ఆరితేరినవాళ్లకు వదిలెయ్యి.

ప్రస్తుతానికి అట్టపెట్టెల ఆట ఒక వారం ఆడి, వీడియో తీసి పంపు. ఫోన్ జిమ్మీ మీదే పెట్టకు. నీ కాళ్లు, చేతులు, భుజాలు కూడా కనపడాలి. నేను ముందు చూసేది వాటినే.

ఇట్లు,
మామయ్య