కొత్త భాగం చదివాక: అర్బన్ ఫాంటసీ మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

నేటి నగరాల నడుమ మాయలు, మంత్రాలు నడిచే కథలే అర్బన్ ఫాంటసీ. ఆ తరహాలో జిమ్ బుచర్ రాసే డ్రెస్డెన్ ఫైల్స్ వరసలో పద్దెనిమిదో నవల 'ట్వెల్వ్ మంత్స్' 2026 జనవరిలో వచ్చింది. ఈసారి ఉత్తరాలు చాలావరకు దాని చుట్టూనే తిరిగాయి. షికాగోలో మాంత్రికుడినని బోర్డు పెట్టుకుని, కేసులు పట్టుకుని బతికే హ్యారీ డ్రెస్డెన్ కథ ఇది. మొదటి పుస్తకం 2000లో వచ్చింది. ఇంకా చదవని వాళ్లు భయపడనక్కర్లేదు. ఎవరు బతికారో ఎవరు పోయారో కింద జవాబుల్లో ఎక్కడా చెప్పలేదు.

ప్రశ్న: మా మిత్రబృందంలో కొందరు కొత్త నవల నత్తనడక నడిచిందని పెదవి విరిచారు. మిగతావాళ్లు వరస మొత్తంలో ఇదే గొప్పదంటున్నారు. ఇంత తేడా ఎందుకు? ఎవరి మాట పట్టుకోవాలి?
- పటమట, విజయవాడ

జవాబు: ముందు పాత పుస్తకాలు ఎలా నడిచాయో గుర్తు చేసుకోండి. వాటిలో చాలావరకు రెండు మూడు రోజుల్లో ముగిసే కథలు. మొదటి అధ్యాయాల్లోనే ఒక కేసు వస్తుంది, దానికో గడువు ఉంటుంది. హ్యారీకి నిద్ర ఉండదు, తిండి ఉండదు, దెబ్బల మీద దెబ్బలు. ఆ గడువే పాఠకుణ్ణి తెల్లారేదాకా కూర్చోబెడుతుంది. కొత్త పుస్తకం పేరే పన్నెండు నెలలు. గడియారం చూసి చదవడానికి అలవాటుపడిన వాళ్ల చేతికి క్యాలెండర్ ఇచ్చారు. నచ్చని వాళ్ల అసంతృప్తి చాలావరకు అక్కడే పుడుతుంది.

అది పుస్తకం లోపమా, మన అలవాటా అన్నది తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. వరసగా కాకుండా అక్కడక్కడా అయిదు అధ్యాయాలు తీసుకోండి. ఒక్కోదానికి ఒక్క వాక్యం రాయండి: అధ్యాయం మొదట్లో ఉన్న పరిస్థితికీ చివర్లో ఉన్న పరిస్థితికీ ఏం తేడా వచ్చింది? అయిదింట్లో మూడింటికి మీకు వాక్యం దొరక్కపోతే నత్తనడక అన్నవాళ్ల మాట నిజం. వాక్యం దొరికి, ఆ మార్పు పోరాటంలో కాక మనుషుల మధ్య వచ్చిందయితే, కథ కదులుతూనే ఉంది, వాళ్లు వేరేచోట చూస్తున్నారని అర్థం. దీనికి ముందు నవల 'బ్యాటిల్ గ్రౌండ్'లో షికాగోకు జరిగిన దాని తర్వాత మర్నాడే ఇంకో కేసు మొదలుపెట్టి ఉంటే అదే అబద్ధమయ్యేదని మేం గట్టిగా నమ్ముతున్నాం. రచయిత ఏడాది తీసుకోవడం సరైన పని. ఒక్క రాత్రిలో మింగేయకుండా రోజుకు మూడు నాలుగు అధ్యాయాల చొప్పున చదవమని మీ మిత్రులకు చెప్పండి.

ఇలాంటి గొడవ 2020లోనూ జరిగింది. ఆ జులైలో వచ్చిన 'పీస్ టాక్స్', సెప్టెంబరులో వచ్చిన 'బ్యాటిల్ గ్రౌండ్' మొదట ఒకే నవలగా అనుకున్నవి. మరీ పెద్దదైపోయి రెండుగా చీల్చారు. దాంతో మొదటి సగంలో ఏర్పాట్లన్నీ ఉండిపోయాయి, ఫలితాలన్నీ రెండో సగానికి వెళ్లిపోయాయి. జులైలో చదివి నిరాశపడిన వాళ్లు తప్పు చదవలేదు. వాళ్ల చేతికి వచ్చిందే సగం. ఇప్పుడు కొత్తగా చదివేవాళ్లు ఆ రెంటినీ కలిపి ఒకే పుస్తకంగా తూచాలి.

ప్రశ్న: 'బ్యాటిల్ గ్రౌండ్' చదివి అయిదేళ్లు దాటింది. కొత్తది మొదలుపెట్టే ముందు పదిహేడూ మళ్లీ చదవాలా?
- లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: అక్కర్లేదు. 'పీస్ టాక్స్', 'బ్యాటిల్ గ్రౌండ్' చాలు. రెండూ కలిపి ఏడు వందల పైచిలుకు పేజీలు. రోజుకు నలభై పేజీలు చదివినా మూడు వారాల్లోపే అయిపోతాయి. చాలామంది పొరపాటు పడేది ఒకచోట: 'బ్యాటిల్ గ్రౌండ్' నవల ముగిశాక అదే సంపుటిలో 'క్రిస్మస్ ఈవ్' అనే చిన్న కథ ఉంది. నవల అయిపోయిందని అక్కడే పుస్తకం మూసేస్తారు. ఆ కథ వదలకండి. ఆ పైన 2022లో వచ్చిన 'ద లా' అనే నవలిక ఉంది, యుద్ధం ముగిసిన కొద్దికాలానికి జరిగేది. ఒక పూటలో అవుతుంది.

ఇంకా వ్యవధి ఉంటే 'ఛేంజెస్' తీయండి. 2010 నాటి పన్నెండో నవల అది. వరస మొత్తం మలుపు తిరిగింది అక్కడే. దాని ముగింపు తర్వాత కొన్ని గంటల్లో ఏం జరిగిందో చెప్పే 'ఆఫ్టర్‌మాత్' అనే కథ 'సైడ్ జాబ్స్' సంపుటి చివర్లో ఉంది, అదీ హ్యారీ గొంతులో కాదు. కొత్త నవలలోని దుఃఖాన్ని అందుకోవడానికి ఈ కథ చేసే మేలు మిగతా నవలలు నాలుగైదు చేసే మేలు కంటే ఎక్కువ.

ప్రశ్న: ఆడియో వింటాను. ఇదే వరసలో ఒక పుస్తకంలో గొంతు మారిందని కోపగించుకున్న వాళ్లున్నారట. నిజమేనా?
- మంగళగిరి

జవాబు: నిజమే. ఈ వరస ఆడియోకు జేమ్స్ మార్‌స్టర్స్ గొంతు. 2011లో 'గోస్ట్ స్టోరీ'ని మాత్రం జాన్ గ్లోవర్ చదివారు. ఆయన చదవడం చెడ్డగా ఏం లేదు. పన్నెండు పుస్తకాలు ఒక గొంతుతో విన్న చెవి పదమూడో దానికి ఇంకో గొంతును ఒప్పుకోలేదు. తర్వాత మార్‌స్టర్స్ దాన్ని మళ్లీ చదివారు. కొనేముందు చదివినవారి పేరు చూసుకోండి, నమూనా అయిదు నిమిషాలు వినండి.

ప్రశ్న: మా బావగారు ఏ పుస్తకమైనా నాకంటే ముందే ముగిస్తారు. బంధువుల గ్రూపులో "చివర్లో ఏడ్చేశాను" అని పెడతారు. కథ చెప్పలేదు కదమ్మా అంటారు. ఇది కథ చెప్పెయ్యడం కాదా అండీ?
- గవర్నరుపేట, విజయవాడ

జవాబు: ముమ్మాటికీ చెప్పెయ్యడమే. చివర్లో ఏడుపు ఉందని తెలిసినవాళ్లు మధ్యలో ప్రతి పాత్రనీ "నువ్వేనా పోయేది" అన్నట్టు చూస్తారు. "ఆఖరి మలుపు ఊహించలేరు" అన్నదీ అంతే. మలుపుందని తెలిసిపోయాక మనసు వెతకడం మొదలుపెడుతుంది. బావగారితో మర్యాదగానే ఈ మాట చెప్పి, గ్రూపులో రోజుల లెక్క తీసేసి అధ్యాయాల లెక్క పెట్టండి. పుస్తకాన్ని నాలుగు భాగాలు చేయండి. ఒక్కో భాగానికి ఒక సందేశం పెట్టి, "పన్నెండో అధ్యాయం దాకా" అన్నట్టు దాని మొదటి మాటలోనే హద్దు రాయండి. ఆ భాగం మీద ఏం చెప్పాలన్నా ఆ సందేశానికే జవాబుగా రాయాలి. ఎవరూ దాన్ని దాటి వేరేచోట మాట్లాడకూడదు. "వారంలోగా చదివెయ్యండి" అన్న నియమం పనిచేయదు. పరీక్షలున్నవాళ్లు, నైట్ డ్యూటీలున్నవాళ్లు వెనకబడతారు, వెనకబడినవాళ్లు గ్రూపు తెరవడమే మానేస్తారు.

టెలిగ్రాంలో రాసిన వాక్యాన్ని నిలువు గీతలు రెండేసి మధ్య పెడితే అది మసకగా కనిపిస్తుంది, వేలితో నొక్కితేనే తెరుచుకుంటుంది. ఆ సదుపాయం లేనిచోట మొదటి రెండు పంక్తులూ హెచ్చరికకే వదలండి. ఫోన్ తాళం వేసి ఉన్నా పైన కనిపించేది ఆ ముక్కే. అట్ట ఫోటోల విషయంలోనూ జాగ్రత్త: తర్వాతి పుస్తకం వెనక అట్ట మీద రాసేది ముందు పుస్తకం ముగింపే.

ప్రశ్న: విజయవాడ నేపథ్యంగా ఫాంటసీ సీరియల్ రాస్తున్నాను. కొత్త భాగం చదివినవాళ్లు "ఇది ఏ ఊళ్లోనైనా జరగొచ్చు" అన్నారు. కృష్ణ, ఇంద్రకీలాద్రి, బీసెంట్ రోడ్డు అన్నీ పెట్టాను. లోపం ఎక్కడుంది?
- బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ పాఠకులు విలువైన మాట చెప్పారు, దాన్ని నిందగా తీసుకోకండి. మీరు పెట్టినవి ఊరి ఆనవాళ్లు. అవి తెర మీద బొమ్మల్లా వెనక నిలబడ్డాయి, కథను నడపలేదు. ఈ సాహిత్యంలో ఊరే కథకు చట్టం. బెన్ ఆరోనోవిచ్ లండన్ నవలల్లో చూడండి. అక్కడ నదులకు దేవతలున్నారు. థేమ్స్‌లో కలిసే టైబర్న్, ఫ్లీట్ లాంటివి నిజంగానే వీధుల కింద కప్పబడిపోయిన ఏరులు. ఏ ఏరు ఏ పేటల కింద పారుతుందో ఆ దేవత తీరు అలా ఉంటుంది. కథానాయకుడు పోలీసు కానిస్టేబులు కాబట్టి మంత్రం ఎంత ముఖ్యమో రిపోర్టు రాయడం అంత ముఖ్యం.

మీకు అంతకంటే తక్కువేం లేదు. బెజవాడలో మూడు కాలువలు పారతాయి: బందరు, ఏలూరు, రైవస్. వేసవిలో కాలువలు కట్టేస్తారు, ఖరీఫ్‌కి మళ్లీ వదులుతారు. మీ కథలో కాలువను ఆశ్రయించిన శక్తి ఉంటే దాని బలం నీటి విడుదలతో పెరగాలి, ఎండల్లో మడుగుల్లో ముడుచుకోవాలి. అప్పుడు కాలువ కట్టేసే తేదీయే మీ నవలకు గడువు. అదే మే నెలలో కాలువ నిండుగా పారుతోందని రాస్తే కృష్ణలంక పాఠకుడు అక్కడే పుస్తకం పక్కన పెడతాడు.

చరిత్రలోనూ పట్టుకొమ్మలున్నాయి. పాత ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది, 1952లో దానికి గండి పడింది, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఆనకట్టతో కట్టుబడిన మాట ఏదైనా ఉంటే అది 1952లో తెగాలి. తెగి, కొత్త బ్యారేజీ వచ్చేదాకా ఏం స్వేచ్ఛగా తిరిగింది? ఈ ఒక్క ప్రశ్నతో ఒక భాగం నడుస్తుంది. కృష్ణమ్మ పొంగి అమ్మవారి ముక్కుపుడకను తాకుతుందన్న మాట ఇక్కడ అందరికీ తెలుసు కాబట్టి దాన్ని రహస్యంగా బయటపెట్టి లాభం లేదు. తెలిసిన మాటగానే మొదలుపెట్టండి, నీటిమట్టం అడుగడుగునా పెరుగుతుంటే ఎవరెవరు ఏ బేరానికి వస్తారో చూపించండి.

మంత్రానికి మూల్యం ఉండాలన్నది ఈ తరహా కథలకు మొదటి నియమం. దాని కోసం పరాయి పుస్తకాలు వెతకనక్కర్లేదు. మంగళగిరి పానకాల స్వామి సగం పుచ్చుకుని సగం ప్రసాదంగా తిరిగిస్తాడు. అడిగినదాంట్లో సగమే దక్కే మాయ ఎంత బలమైన నియమమో ఆలోచించండి. దిష్టి తీసి ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేసినప్పుడు ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు అంటారు కదా. అలాంటప్పుడు వేల బస్తాలున్న గుంటూరు మిర్చి యార్డులో ఏ ప్రయోగం పారుతుంది, ఏది పారదు? ఇది తేల్చుకుంటే మీ రెండో ఊరు కూడా కథలోకి వస్తుంది.

పాఠకులు పట్టేసే తప్పులు మరో రకం. బ్యారేజీ మీద లారీతో వెంటాడే సన్నివేశం పెట్టకండి, భారీ వాహనాలను దాని మీదకు రానివ్వరు. లారీ అయితే కనకదుర్గ వారధి ఎక్కించండి. గుంటూరు ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరం, సాయంత్రం పది నిమిషాల్లో చేరలేరు. ప్రతి అధ్యాయానికీ ఒక కాగితం మీద తేదీ, తిథి, కాలువలో నీళ్లున్నాయా లేదా, ఏ దారిన వెళ్లారు అన్న నాలుగూ రాసుకుంటే ఇలాంటివి ముందే దొరుకుతాయి. తర్వాత విజయవాడ పేరు కొట్టేసి విశాఖ అని రాసి చూడండి. ఏమీ చెడకుండా చదవగలిగిన సన్నివేశాన్ని తిరగరాయాలి.

ఒక్క హద్దు మాత్రం పాటించమని కోరుతున్నాం. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్ మునిగింది. ఆ వరదను ఏ దేవత కోపంగానో, మాంత్రికుడి పనిగానో రాయకండి. కారణాలు తెలిసిన వరద అది, దాంట్లో ఇల్లు పోగొట్టుకున్నవాళ్లు మీ పాఠకుల్లో ఉన్నారు. వరద నీటిలో మీ పాత్రలు ఏం చేశాయో రాయండి, వరదను మాత్రం ఎవరి ఖాతాలోనూ వేయకండి.

ప్రశ్న: లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల దగ్గర 'మిడ్‌నైట్ రయట్' దొరికింది. ఇది బెన్ ఆరోనోవిచ్ లండన్ వరసలో ఎన్నోది? నా దగ్గర 'రివర్స్ ఆఫ్ లండన్' ఉంది.
- సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: కొనకండి, రెండూ ఒకటే. 2011 నాటి మొదటి నవలకు బ్రిటన్‌లో ఒక పేరు, అమెరికాలో ఇంకో పేరు పెట్టారు. ఈ వరసలో నవలికలు కూడా ఉన్నాయి, అచ్చయిన క్రమమూ కథ జరిగిన క్రమమూ ఒకటి కావు. 'వాట్ అబిగైల్ డిడ్ దట్ సమ్మర్' 2021లో వచ్చినా అయిదో నవల 'ఫాక్స్‌గ్లోవ్ సమ్మర్' జరిగే వేసవిలోనే నడుస్తుంది. మొదటిసారి చదివేవాళ్లు అచ్చయిన క్రమమే పాటించండి, ఎవరు ఎవరన్నది రచయిత ఆ క్రమంలోనే పరిచయం చేశాడు. 'ది అక్టోబర్ మ్యాన్' మాత్రం జర్మనీలోని ట్రియర్‌లో, వేరే కథానాయకుడితో నడుస్తుంది. దాన్ని విడిగా ఎప్పుడైనా చదవొచ్చు.

పాత పుస్తకం చేతికి తీసుకోగానే పేరు కంటే ముందు లోపలి కాపీరైట్ పేజీ చూడండి, వేరే దేశంలో వేరే పేరుతో వచ్చి ఉంటే చాలాసార్లు అక్కడే రాసి ఉంటుంది. తర్వాత పేజీ అంకెలు మొదటినుంచి చివరిదాకా గబగబా తిప్పండి. దొంగ ముద్రణల్లో ఒక ఫారం మొత్తం, అంటే పదహారు పేజీలు, ఎగిరిపోవడమో రెండుసార్లు కుట్టడమో జరుగుతుంది. ఎక్కువగా చివరి మూడు నాలుగు ఫారాల్లో చూసుకోవాలి, అక్షరాలు మసకబారి కాగితం గరుకుగా ఉంటే మరీనూ.