ఏసీ కట్టెయ్, పిన్నీసులు లెక్కపెట్టు

తమ్ముడూ, భార్యాభర్తలు గదిలోకి వెళ్లగానే కలం ఆగిపోతోందన్నావు. పంపిన పేజీ చదివాను. ఆగింది కలం కాదు, కథ. ఒకే పేరాలో రెండు పూర్ణకుంభాలు, ఒక అగ్నిపర్వతం! పడకగదా, యాగశాలా?

నీ కథ బరంపురంలో, 2013 అక్టోబరు 12 రాత్రి, ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటుతున్నప్పటిది. మరి ఏసీ చల్లగా ఎలా వీస్తోంది? కరెంటు తీసేసి కొవ్వొత్తి పెట్టు. గాలికి తలుపు కొట్టుకుంటుంటే ఆయన గొళ్లెం పట్టుకుని నిలబడాలి, ఆవిడ నవ్వాలి. సగం పని అక్కడే అయిపోతుంది.

పట్టుచీర 'క్షణంలో జారిపోయింది' అని రాశావు. పిన్నీసులేమయ్యాయి? మా ఆవిడ అక్కడే పడీపడీ నవ్వింది. ఒక్కొక్కటే తీయించు, ఒకటి ఆయన వేలికి గుచ్చుకోనీ. ఆవిడ ఆ వేలు పట్టుకుంటుంది కదా, ఇక అగ్నిపర్వతాలెందుకు?

చేతులూ లెక్కచూసుకో. ఒకటి నడుం మీద, ఒకటి జడలో, మరి కొవ్వొత్తి ఆర్పిందెవరు?

'ప్రాణేశ్వరా' కొట్టెయ్. మన బరంపురం పిల్ల అలవాటుగా ఒడియాలో 'హఉ' (అంటే 'సరే') అనేస్తుంది. అదే ఉంచు.