చేను ఎన్నాళ్ళు ఆగుతుంది?

తమ్ముడికి,

కూలి పెంచమని కూలీలు చేసే సమ్మె మీద నువ్వు రాసిన కథ చదివాను. మొదటి సగమంతా ఆసామి మీసం, బుల్లెట్టు బండి, కూలీల మీద అరుపులు. రెండో సగమంతా నాయకుడి ఉపన్యాసం. ఈ రెండూ పక్కన పెట్టి చూస్తే నాకు ఒక్క ముసలామె కనబడింది. సమ్మె నాలుగో రోజు "బర్రెకు గడ్డి యాడ తెచ్చేది?" అని కొడుకుతో పోట్లాడే మనిషి. ఆమెకు నువ్విచ్చింది నాలుగైదు లైన్లే. కథ మాత్రం ఆమె దగ్గరే ఉంది.

మన ఊర్లలో సెంటు భూమి లేని ఇంట్లో కూడా బర్రో, రెండు మేకలో ఉంటాయి. వాటికి గడ్డి వచ్చేది ఆసాముల గట్ల మీది నుంచే. పని బందు పెట్టిన మర్నాడు పెద్ద ఆసామి ఎవర్నీ తిట్టాల్సిన పనిలేదు. "మా గట్ల మీద కొడవలి పెట్టొద్దు" అని జీతగానితో చెప్పిస్తే చాలు. తర్వాత చేబదులు పుట్టదు. బోరు దగ్గర బిందె పెట్టనీరు. ఆడవాళ్ళు చీకటితో బయటికి పోయే దారికి ముళ్ళకంప అడ్డం పడుతుంది. ఇందులో దేనికీ చెయ్యి ఎత్తాల్సిన పనిలేదు. నీ ఆసామి చేత చెంపదెబ్బ కొట్టించావు కదా, అది తీసేసి ఈ కంప వేయించు. చదివేవాడికి గుచ్చుకుంటుంది.

ఇట్లాంటి పోరులో ఎక్కువ రోజులు ఆగగలిగినవాడిదే పైచేయి. నీ కథలో ఆ రోజుల లెక్కే లేదు. బుడ్డల చేను, అదే వేరుశనగ చేను తీసుకున్నావు కాబట్టి చెబుతున్నా. జూన్, జూలైలో పదునుకు విత్తితే నూరు, నూట పది రోజులకు కాయ ముదురుతుంది. నేలలో పదును ఉండగానే చెట్టు పెరకాలి. పదును ఆరితే ఎర్రనేల గట్టిపడి చెట్టు చేతికొస్తుంది, కాయ భూమిలో నిలిచిపోతుంది. పోనీ వాన పడేదాకా చూద్దామంటే, ముసురు పట్టిందంటే కాయ చేలోనే మొలకెత్తుతుంది. ఆ వారం, పది రోజులు కూలీల చేతిలో ఉంటాయి. మిగతా ఏడాదంతా ఆసామిది. అందుకే సమ్మె ఏ రోజు మొదలైందో నీకు తెలిసి తీరాలి. ఎండాకాలంలో కూలి పెంచమంటే ఆసామి నవ్వి బీడీ ముట్టించుకుంటాడు. పెరికే వారంలో అదే మాట అంటే అరుగు మీద కూర్చోమంటాడు.

ఇంకోటి. ఆసాములందర్నీ ఒకటే ముద్ద చేశావు. నలభై ఎకరాలూ రెండు బోర్లూ ఉన్నవాడు స్ప్రింక్లర్లు తిప్పి నేల నాన్చుకుంటాడు, ఇంకో వారం ఆగుతాడు. అయిదెకరాల మెట్ట ఉన్నవాడికి ఆకాశమే దిక్కు. విత్తనానికి తెచ్చిన అప్పు మీద వడ్డీ నడుస్తా ఉంటుంది. రాత్రి ఆసాములంతా ఆ నలభై ఎకరాల పెద్దాయన ఇంట్లో చేరి "ఇంతకు మించి ఎవరూ రూపాయి పెంచగూడదు" అని కట్టుబాటు చేసుకుంటారు కదా, దాని వల్ల మొట్టమొదట మునిగేది ఈ అయిదెకరాల మనిషే. నాలుగో రోజు తెల్లారకముందే అతను టార్చిలైటు కూడా వేయకుండా పేటలోకి వచ్చి, ఒక ఇంటి తలుపు మెల్లగా తట్టి, "ఇరవై ఎక్కువిస్తాలే అక్కా, నలుగుర్ని పిల్చుకొని రా, పెద్దాయనకు మాత్రం తెలీనీయొద్దు" అని బతిమలాడతాడు. కూలీల్లో జారిపోయేవాళ్ళ గురించి చాలామంది రాశారు. ఆసాముల్లో జారిపోయేవాణ్ణి నేను కథల్లో అరుదుగా చూశాను.

ఈ మనిషిని వదలొద్దు, వెంటపడు. పంట పోయిన ఏడు ఆదోని, కోసిగి, కౌతాళం వైపు ఊర్లలో ఇళ్ళకు తాళాలు పడతాయి. పిల్లల్ని బడి మాన్పించి గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే వలస కూలికి పోతారు. పోయేవాళ్ళలో కూలీలే కాదు, ఇట్లాంటి చిన్న రైతులూ ఉంటారు. అక్టోబరులో తన చేలో కూలి తగ్గించమని బేరమాడినవాడే ఫిబ్రవరిలో వేరే వాళ్ళ మిరప చేలో నిలబడి, ఈ రేటు గిట్టదని మేస్త్రితో పోట్లాడతాడు. పక్కన సంచి పట్టుకొని నిలబడేది ఎవరనుకున్నావు? తన చేలో కూలికి వచ్చే ఆమే. ఇద్దరూ ఒకరి మొగం ఒకరు ఎట్లా చూసుకుంటారో నాకు చదవాలని ఉంది. నేనే రాద్దును, కూర్చుంటే నడుము ఒప్పుకోవడం లేదు.

అట్లని ఇద్దరూ పాపమే అని చివర్లో తక్కెడ సరిచేయొద్దు. ఈ మధ్య ఆ జబ్బు మన కథలకు బాగా పట్టింది. పెద్దాయనకు పంట పోతే ఒక ఏటి డబ్బు పోతుంది. ముసలామె బర్రెను సంతలో అమ్మితే మళ్ళీ ఆ ఇంట్లోకి బర్రె రావడం కష్టం. కులం ఊసు నువ్వు ఎక్కడా ఎత్తలేదు. ఎత్తి ఉపన్యాసం చెప్పమనడం లేదు. పనిలో దప్పికైతే చెంబు చేతికిస్తారా, దోసిట్లో పోస్తారా? అదొక్కటి రాస్తే ఆ ఊరు ఎట్లాంటిదో తెలిసిపోతుంది.

పక్క ఊరి నుంచి ఆటోలో కూలీల్ని దించే సీను మూడు వాక్యాల్లో ముగించి, రాళ్ళ దెబ్బలకు పోయావు. ఆ ఆటోలోంచి దిగేదెవరు? పక్క ఊరంటే వియ్యాలందుకున్న ఊరు. దిగే ఆడమనిషి నీ నాయకుడికి వదిన అవుతుంది, మేనత్త అవుతుంది. దారికి అడ్డం నిలబడాల్నా, "ఎప్పుడొస్తివి అత్తా, ఇంటికి రా, సంగటి తిందువు" అనాల్నా? అక్కడ ఆగు. రాళ్ళు తర్వాత చూద్దాం.

బుడ్డలు పెరికేదీ వొలిచేదీ చాలామటుకు ఆడవాళ్ళు. రచ్చకట్ట మీద కూర్చుని రేటు తేల్చేది మగవాళ్ళు. నీ కథలోనూ అట్లే ఉంది. అది నిజం, మార్చొద్దు. తేలిన రేటు ఇంటికొచ్చి చెప్పినప్పుడు పొయ్యి దగ్గర ఆమె ఏమనిందో కూడా రాయి.

కథ ఏ ఏట జరుగుతోందో తేల్చుకో. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న దేశంలో మొదలైంది మా జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. మనోళ్ళు దాన్ని కరువు పని అంటారు. బిల్లులు ఎంత ఆలస్యమైనా, "నీ చేను కాకుంటే కరువు పనికి పోతాం" అనే మాట దాంతోనే కూలీల నోట్లోకి వచ్చింది. సీజన్‌లో ఆ పని ఆపమని రైతులు అడుగుతూ వచ్చింది అందుకే. నీ కథలో సెల్‌ఫోన్ మోగుతోంది గానీ కరువు పని ఊసే లేదు.

ఇంక ముగింపు. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' 1922 నాటిది. కూలీల పక్షాన నిలబడిన సంగదాసు అందులో భూస్వామి చేతిలో చనిపోతాడు. ఆ పుస్తకాన్ని అప్పటి సర్కారు నిషేధించింది. ఆ చావుకు ఆ నవలలో బలం ఉంది. తర్వాత తర్వాత మనకు అదొక అలవాటై, ముగింపు తోచనప్పుడల్లా నాయకుణ్ణి చంపుతున్నాం. నీవాణ్ణి బతకనియ్యి. యాభై అడిగితే ఇరవైకి తేలనియ్యి. అందరూ చేన్లోకి దిగుతారు. మరుసటి ఏడు పెద్దాయన బుడ్డలు మానేసి చీనీ (బత్తాయి) చెట్లు పెడతాడు, లేదా వొలిచే మిషను తెస్తాడు. పనికి పిలిచేటప్పుడు నాయకుడి ఇల్లు దాటుకొని పక్కింటి తలుపు తడతారు. ఎవరూ కారణం చెప్పరు. రెండు నెలలు చూసి నాయకుడు బేల్దారి పనికి, అంటే ఇళ్ళు కట్టే పనికి బెంగళూరు బస్సెక్కుతాడు. బర్రె ఉందో అమ్మేశారో నువ్వే తేల్చుకో.

తిరగరాసి పంపు. ఉపన్యాసం కొట్టేయడానికి మనసు ఒప్పకపోతే, దాన్ని ముసలామె పక్కన కూర్చోబెట్టి వినిపించు. ఆమె మధ్యలో లేచి వెళ్ళిపోతే కొట్టేయ్. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవి పెట్టి ప్రింటు తియ్యి, నా కళ్ళద్దాలు మారాయి.

మీ అన్న
అనంతపురం