పిల్లలకి మొదటి ఒపెరా చూపించాలంటే

అమ్మడూ,

సెలవల్లో పిల్లలిద్దరికీ ఒక ఒపెరా (పాటలతోనే నడిచే నాటకం) వీడియో చూపిస్తా, ఏది పెట్టను పెద్దమ్మా అని అడిగావు కదా. మొజార్ట్ జోలికి ఇప్పుడే పోకు, హంపర్‌డింక్ అనే జర్మన్ సంగీతకర్త కట్టిన హాన్సెల్ అండ్ గ్రెటెల్ పెట్టు, అడవిలో మంత్రగత్తె చేతిలో పడే అన్నాచెల్లెళ్ల కథ. కథ పిల్లలకి ఎలాగూ తెలుసు, మొత్తం కలిపి రెండు గంటల లోపే. అసలు ఇది మొదలైందే ఇంట్లో, ఆయన చెల్లెలు పిల్లల ఆటకి నాలుగు పాటలు కట్టిపెట్టమంటే కట్టాడు, అదే పెరిగి పెరిగి 1893 డిసెంబర్ 23న జర్మనీలో వైమార్‌లో స్టేజ్ ఎక్కింది.

వీడియోలు చాలానే ఉన్నాయి గానీ రెండు చెప్తా. ఒకటి 1981లో ఆగస్ట్ ఎవర్డింగ్ తీసింది, ఆర్కెస్ట్రా నడిపించింది షోల్టీ, అచ్చం బొమ్మల పుస్తకంలా ఉంటుంది, జర్మన్‌లో పాడతారు. రెండోది న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాలో (మెట్ అంటారు) రిచర్డ్ జోన్స్ డైరెక్ట్ చేసింది, 2008 జనవరి 1న సినిమా హాళ్లకి లైవ్ ఇచ్చారు, ఇంగ్లీష్‌లోనే పాడతారు కాబట్టి పెద్దాడికి సబ్‌టైటిల్స్ గోల ఉండదు. నా ఓటు దీనికే. ఎందుకంటే ఈ కథ మంత్రగత్తె గురించీ అడవి గురించీ కాదే, ఆకలి గురించి. ఇంట్లో మిగిలిన కాసిని పాలు కూడా ఒలికిపోతే తల్లి కోపంతో స్ట్రాబెర్రీలు ఏరుకురమ్మని పిల్లల్ని తోలేస్తుంది, పుస్తకంలోలా కావాలని వదిలించుకోదు, ఆ తేడా ముందే చెప్పు. తర్వాత అడవిలో పడుకునే ముందు ప్రార్థన పాడతారు, పద్నాలుగు మంది దేవదూతలు కాపలా ఉంటారని. మామూలుగా రెక్కలేసుకుని తెల్లబట్టల్లో దిగుతారు కదా, ఈ మెట్ వీడియోలో పెద్ద పెద్ద తలకాయల వంటవాళ్లు వస్తారు, చేప తల పెట్టుకున్న బట్లర్ ఒకడు, వచ్చి టేబుల్ నిండా విందు వడ్డిస్తారు. ఆకలితో పడుకున్న పిల్లలకి కల ఇంకేం వస్తుంది చెప్పు? అక్కడ మాత్రం నువ్వేం వివరించకు, నోరు మూసుకుని చూడనివ్వు.

హాన్సెల్ మగపిల్లాడే అయినా ఆ వేషం ఆడవాళ్లే పాడతారు, ఈ వీడియోలో మంత్రగత్తేమో మగాయన, ఫిలిప్ లాంగ్రిడ్జ్. పిల్లలు అడుగుతారు, స్థానం నరసింహారావు గారు సత్యభామ వెయ్యలేదా అని చెప్పు (వాళ్లకి ఆయనెవరో తెలీదనుకో, అది వేరే లెటర్). చిన్నదానికి ఆ మంత్రగత్తె మేకప్ ఎలా వేస్తారో ముందే చెప్పు, లేకపోతే మూడో అంకంలో నీ చంకెక్కుతుంది. చివర్లో మంత్రగత్తెని పొయ్యిలో తోసేస్తారు, అది కూడా దాచకు. మరీ భయస్తురాలైతే 1981ది పెట్టెయ్, గొడవుండదు.

టీవీ స్పీకర్లతో మాత్రం వినకండి, మొదట్లో ఆర్కెస్ట్రాలో నాలుగు హార్న్‌లు (బూరాల్లాంటి వాద్యాలు) మెల్లగా ఎత్తుకునేది ఆ ప్రార్థన ట్యూనే, టీవీలో అది ఏదో గొణుగుడులా వినిపిస్తుంది, మీ ఆయన సౌండ్‌బార్ కొని మూలన పెట్టాడుగా, అది కలపమను. రెండో అంకం అవగానే పాజ్ చేసి ఏదన్నా తినిపించు. మూడో అంకమంతా తిండే, ఖాళీ కడుపుతో కూర్చోబెట్టావంటే ఒపెరా వదిలేసి ఫ్రిజ్ దగ్గర తేలతారు.

పెద్దమ్మ