ట్రైలర్ సొరుగులకు ప్లైవుడ్ మందం కంటే గడియ ముఖ్యం

సొంతంగా కట్టుకుంటున్న క్యాంపర్ ట్రైలర్‌లో (బండి వెనక తగిలించి లాక్కెళ్లే చిన్న ఇల్లు) అల్మారాలకు, సొరుగులకు ఎంత మందం ప్లైవుడ్ వాడాలని అడిగారు. పెట్టెలకు 12 మి.మీ., సొరుగు అడుగుకు 6 మి.మీ. చాలు. ఇళ్లలో వాడే 18 మి.మీ. రకం 8×4 అడుగుల షీటు ఒక్కటే సుమారు 30 కిలోలు తూగుతుంది. ఆ బరువంతా మీ బండే లాగాలి. అందరూ ఈ మందం గురించే అడుగుతారు. గడియ ఊసెత్తినవారు నాకింతవరకు కనిపించలేదు.

మా ట్రైలర్‌ను మొదట కట్టినాయన ఇళ్లలో వంటగదులు చేసే వడ్రంగి. పనితనానికి వంక పెట్టలేం. సొరుగులకు బాల్ బేరింగ్ ఛానళ్లు (సొరుగు జారే పట్టాలు), తలుపులకు అయస్కాంతాలు, అన్నీ నునుపుగా కదిలేవి. ఒకసారి కొండ దిగుతూ మలుపులో గట్టిగా బ్రేకు వేశాను. వెనక పెద్ద చప్పుడు. ఆపి చూస్తే ట్రైలర్ తలుపు వేలెడు తెరుచుకుని ఆగిపోయింది. తలుపును లోపలికి తెరుచుకునేలా పెట్టి, దాని ఎదురుగానే గిన్నెల సొరుగు అమర్చాడా మహానుభావుడు! అది పూర్తిగా బయటికొచ్చి అడ్డంగా నిలబడింది. మా అబ్బాయిని కిటికీలోంచి లోపలికి దింపాం. "నాన్నా, ఎంత తోసినా వెళ్లడం లేదు, వెనక ఏదో ఉంది" అన్నాడు. పై సొరుగు అడుగు ఊడి, అందులోని స్పానర్లన్నీ కింది సొరుగు వెనక పడ్డాయి. ఆ అడుగును వడ్రంగి గాడిలో కూర్చోబెట్టకుండా కింది నుంచి చిన్న మేకులు కొట్టి వదిలేశాడు. మా అబ్బాయి ఒక్కొక్క స్పానరూ ఏరి కిటికీలోంచి అందిస్తుంటే, దారిన పోయేవాళ్లు ఆగి మాకు సలహాలిచ్చారు.

సొరుగు ముందువైపు తెరుచుకుంటే బ్రేకు వేసినప్పుడు, పక్కకు తెరుచుకుంటే మలుపుల్లో, వెనక్కి తెరుచుకుంటే ఎత్తు ఎక్కేటప్పుడు బయటికొస్తుంది. ఏ వైపు పెట్టినా గడియ తప్పదు. నొక్కితే విడిపోయే బటన్ గడియలు గానీ, మూసినప్పుడు బిగిసిపోయే లాకింగ్ ఛానళ్లు గానీ పెట్టండి. అయస్కాంతాలు ఇంట్లో గోడకు కదలకుండా ఉన్న అల్మారాలకే. వీడియోల్లో పిడుల అందం గంటసేపు చూపిస్తారు, గతుకుల రోడ్డు మీద బండిని ఒక్కసారీ నడిపి చూపించరు.

బరువైన సొరుగులు కిందనే, ఇరుసుకు దగ్గరగా ఉండాలి. వెనక చివర బరువు పెరిగితే ట్రైలర్ రోడ్డు మీద ఊగుతుంది. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం బండికి తగిలించే కొక్కెం మీద పడాలి. పార్టికల్ బోర్డు జోలికి వెళ్లకండి, అదురుకు స్క్రూలు వదులైపోతాయి.

ఇంకొకటి, రసమట్టం ఇంట్లోనే వదిలేయండి. ట్రైలర్ ఒక టైరులో గాలి తగ్గినా ఒరుగుతుంది, దాని మీద మట్టం చూసి ఏం లాభం? ట్రైలర్ లోపలి నేల నుంచి కొలవండి, మూలమట్టంతో సరిచూడండి. గోడ వంపు ఉన్నచోట ముందు అట్టముక్కతో నమూనా కత్తిరించుకోండి. ఛానల్ కోసం సొరుగుకు రెండు వైపులా 12.7 మి.మీ. చొప్పున ఖాళీ వదలండి.